డిస్టోపియన్ ప్రేమ నవలల సిరీస్‌ని చివరిదాకా చదవడం ఎలా?

"మొదటి పుస్తకం రెండు రాత్రుల్లో అయిపోయింది. రెండోది మూడు నెలలుగా తలగడ పక్కనే ఉంది, ముప్పయ్యో పేజీ దాటలేదు." టీనేజ్ పాఠకుల కోసం రాసిన డిస్టోపియన్ ప్రేమ నవలలు, అంటే జనాన్ని అణిచివేసే ఊహాలోకపు ప్రభుత్వం కింద నడిచే ప్రేమకథలు, చదివేవాళ్ళ నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే. ఆ వెంటనే అడిగే ప్రశ్న కూడా ఒకటే: తప్పు పుస్తకానిదా, నాదా?

చాలాసార్లు ఎవరిదీ కాదు, చదివిన పద్ధతిది. అమ్మాయి ఎవరిని ప్రేమిస్తుంది అన్నది ఒక కథ, ప్రభుత్వం దేన్ని నిషేధించింది అన్నది ఇంకో కథ అనుకుని చదువుతాం. ఈ నవలల్లో ఆ రెండూ ఒకే తాడులో పేనిన పోగులు. ఒక్క ప్రేమ పోగునే పట్టుకుని మొదటి పుస్తకం లాగించేస్తే, రెండో పుస్తకంలో ఆ జంట విడిపోగానే చేతిలో ఏమీ మిగలదు.

కింద చెప్పిన వరసలో చేసుకుంటూ వెళ్ళండి. ఉదాహరణలకి కొన్ని పుస్తకాల పేర్లు చెప్పాను గానీ ముగింపులు ఎక్కడా చెప్పలేదు.

1. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు

సిరీస్‌లో మొత్తం ఎన్ని పుస్తకాలో, ఆఖరిది వచ్చేసిందో లేదో ముందే చూసుకోండి. 'లెజెండ్' త్రయం 2013లో 'ఛాంపియన్'తో ముగిసిపోయిందనుకున్నవాళ్ళ చేతికి 2019లో 'రెబెల్' వచ్చింది. మూడుతో ఆపాలా, నాలుగో దాకా వెళ్ళాలా అన్నది మీ ఇష్టం. కానీ నాలుగోది ఒకటుందని తెలిసి ఆపడం వేరు, తెలియక ఆగిపోవడం వేరు.

పుస్తకాలు రెండేసి చొప్పున తెచ్చుకోండి. అయిదూ ఒకేసారి పేర్చుకుంటే ఆ దొంతర చూసే భయం వేస్తుంది. ఒక్కటే తెచ్చుకుంటే అది అయిపోయిన రాత్రి రెండోది చేతిలో ఉండదు, ఈలోగా వేడి చల్లారిపోతుంది.

తరవాతి పుస్తకాల వెనక అట్ట చదవొద్దు. 'ది సెలెక్షన్'లో ముప్పై అయిదు మంది అమ్మాయిల్లోంచి యువరాజు ఎవరిని ఎంచుకుంటాడన్నదే మూడు పుస్తకాల సస్పెన్స్. నాలుగో పుస్తకం అట్ట వెనక్కి తిప్పారంటే ఆ సస్పెన్స్ అక్కడికక్కడే ఖాళీ.

సరిచూసుకోవాల్సినవి:
☐ మొత్తం ఎన్ని పుస్తకాలు, చివరిది ఏ ఏడాది వచ్చింది
☐ మధ్యలో చిన్న నవలికలు ఉన్నాయా
☐ మొదటి రెండూ చేతిలో ఉన్నాయా
☐ ఒక పెన్సిల్, పుస్తకంలో మడిచి పెట్టుకోవడానికి రెండు తెల్ల కాగితాలు

2. ఏ వరసలో చదవాలి?

అచ్చయిన వరసలో. కథ జరిగిన కాలాన్ని బట్టి కాదు. దీని మీద చాలామంది నాతో వాదిస్తారు, నేను మాత్రం మారను.

'ది హంగర్ గేమ్స్' తీసుకోండి. అసలు మూడు పుస్తకాలు 2008, 2009, 2010ల్లో వచ్చాయి. తరవాత 2020లో ఒక ప్రీక్వెల్ (అసలు కథకి ముందు జరిగిన కథ), 2025లో ఇంకోటి వచ్చాయి. కథంతా ప్రభుత్వం పిల్లల చేత ఆడించే చావు పోటీల చుట్టూ తిరుగుతుంది. మొదటి పుస్తకంలో జరిగేవి 74వ పోటీలు. 2020లో వచ్చినదాంట్లో 10వ పోటీలు, 2025లో వచ్చినదాంట్లో 50వ పోటీలు. కాలక్రమం అని మొండికేస్తే 2020 పుస్తకంతో మొదలుపెట్టాలి. అందులో కథ నడిపే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తరవాత దేశాధ్యక్షుడై ఎలా తయారవుతాడో తెలిసినవాళ్ళకే అతని ప్రతి చిన్న నిర్ణయం దగ్గరా ఒళ్ళు జలదరిస్తుంది. తెలియనివాళ్ళకి అతను మామూలు కుర్రాడు. ప్రీక్వెల్‌లో మజా అంతా గుర్తుపట్టడంలోనే ఉంది. గుర్తుపట్టాలంటే ముందు అసలు కథ చదివి ఉండాలి.

నవలికల దగ్గర కూడా ఇదే సూత్రం. 'షాటర్ మీ' 2011లో, దాని రెండో భాగం 'అన్‌రావెల్ మీ' 2013లో వచ్చాయి. మధ్యలో 2012లో వచ్చిన 'డిస్ట్రాయ్ మీ' అనే నవలిక, మొదటి పుస్తకంలో మనం విలన్ అనుకున్నవాడి గొంతుతో నడుస్తుంది. దాన్ని ఆ మధ్యలోనే చదవండి. ముందు చదివితే అతని మీద భయం పుట్టదు. మరీ ఆలస్యంగా చదివితే అప్పటికే మీరు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు.

'డైవర్జెంట్' కథానాయకుడి వైపు కథలతో 2014లో వచ్చిన 'ఫోర్' సంపుటి అలా కాదు. అందులో ఎక్కువ భాగం పాత కాలపు సంగతులే అయినా, మూడో పుస్తకం తరవాతకి అట్టిపెట్టుకోండి.

ఈ-బుక్‌లో చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక, నా సొంత అనుభవంతో. ఫోన్‌లో పుస్తకాలు ఇంగ్లీషు అక్షరక్రమంలో సర్దుకుంటాయి. ఆ లెక్కన 'అలీజియంట్' ముందు, తరవాత 'డైవర్జెంట్', దాని కింద 'ఇన్‌సర్జెంట్' వస్తాయి. అంటే మూడో పుస్తకం మొదట కూర్చుంటుంది. పైనున్నదే మొదటిది అనుకుని నలభై పేజీలు చదివేశాను. "ఎంత ధైర్యంగా మొదలుపెట్టారు, ఏదీ వివరించకుండా!" అని మెచ్చుకున్నాను కూడా. చదివే ముందే పేరుకి ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేసుకోండి.

3. మొదటి యాభై పేజీలు: కొత్త మాటలు, పాత భయాలు

ఈ నవలల్లో మామూలు ఇంగ్లీషు మాటకి మొదటి అక్షరం పెద్దది పెట్టి కనిపిస్తే, అది ఆ ప్రభుత్వం తయారుచేసుకున్న మాట అని అర్థం. వెంటనే నిఘంటువు తీయకండి. 'రీపింగ్' అంటే నిఘంటువులో పంట కోత. పుస్తకంలో అది చావు పోటీలకి పిల్లల పేర్లు చీటీ తీసే రోజు. పంట కోతకీ దానికీ ఉన్న పోలిక తరవాత మీకే తట్టి కడుపులో దేవినట్టవుతుంది. కానీ మొదటి పేజీలోనే అర్థం వెతుక్కుంటే దారి తప్పుతారు.

మాట కనబడిన ప్రతిసారీ ఆగకండి. కాగితం మీద మాట, పక్కన మీ ఊహ, అంతే. మూడోసారి తగిలేసరికి చాలావరకు తేలిపోతుంది. పది మాటలకి మించి రాసుకుంటున్నారంటే మీరు చదవడం మానేసి పరీక్షకి తయారవుతున్నట్టు లెక్క.

రెండో కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి పెట్టుకోండి:

• ఇక్కడ ఏది నిషేధం?
• తప్పితే ఏం చేస్తారు?
• దానివల్ల ఎవరికి లాభం?

'డెలీరియం'తో చూద్దాం. ప్రేమ ఒక జబ్బు, అది నిషేధం. పద్దెనిమిదేళ్ళు నిండాక ఆపరేషన్ చేసి దాన్ని 'నయం' చేస్తారు. మొదటి రెండు ప్రశ్నలకీ తొలి అధ్యాయాల్లోనే జవాబులు దొరుకుతాయి. మూడో ప్రశ్న ఎదురుగా మాత్రం ఖాళీ అలాగే ఉంటుంది. ఉండనివ్వండి. సీక్వెల్స్ నింపేది ఆ ఖాళీనే.

అదే పుస్తకంలో ప్రతి అధ్యాయం పైనా నాలుగు ముక్కలు అచ్చయి ఉంటాయి. చాలావరకు ఆ ప్రభుత్వం జనానికి నేర్పే పాఠాలు, సూక్తులు. కథ కాదు కదా అని దాటేయకండి. కథానాయిక బుర్రలో చిన్నప్పటి నుంచి ఏం నూరిపోశారో అక్కడే తెలుస్తుంది.

4. ప్రేమకథని చదవాల్సిన తీరు

ఇక్కడ నిదానంగా వెళ్ళాలి.

'మ్యాచ్డ్'లో కేసియా అనే అమ్మాయికి ప్రభుత్వమే జత కుదురుస్తుంది. వచ్చిన పేరు చిన్ననాటి స్నేహితుడు జాండర్‌ది. సంతోషం. ఇంటికెళ్ళి వివరాల కార్డు చూస్తే తెర మీద క్షణం సేపు ఇంకో కుర్రాడు కై ముఖం మెరుస్తుంది. కథ ఇక్కడ రాజుకుంటుంది. ఇంతవరకు ఎవరైనా చెప్తారు.

మీరు చూడాల్సింది ఆ తరవాత. ఆ సమాజంలో చేత్తో రాయడం ఎవరికీ రాదు. కవితలు వంద మాత్రం ఉంచి మిగతావన్నీ చెరిపేశారు. కై ఆమెకి రాయడం నేర్పుతాడు. ముద్దు కంటే ముందు అక్షరం. ఆ అక్షరాలు దిద్దే సన్నివేశాల్ని "ఎంత బావుందో" అనుకుని దాటిపోతే సగమే చదివినట్టు. ఆమె అతన్ని ప్రేమిస్తోందా, తన చేత్తో తన మాట రాసుకోవడాన్ని ప్రేమిస్తోందా? రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఈ రకం నవలల్లో మంచి ప్రేమకథ ఎప్పుడూ నిషేధించిన ఒక పనితో కలిసే పెరుగుతుంది. ఆ పని ఏమిటో కనిపెట్టి కాగితం మీద రాసుకోండి. రెండో పుస్తకంలో జంట విడిపోయినా ఆ పని మాత్రం కొనసాగుతుంది.

ఇంకో రకం చూడండి. 'ది హంగర్ గేమ్స్'లో పోటీలో దిగిన కాట్నిస్ అనే అమ్మాయి, పీటా అనే కుర్రాడి ప్రేమ కెమెరాల ముందు నడుస్తుంది. చూసేవాళ్ళు కరిగితే పైనుంచి సాయం దిగుతుంది. దెబ్బ తిని పడున్న పీటాని ఆమె ముద్దు పెట్టుకుంటుంది, గుహ బయట వేడి సూప్ గిన్నె దిగుతుంది. ఒక ముద్దుకి ఒక గిన్నె అని ఆమె లెక్క కట్టుకుంటుంది. మరి ఆ ముద్దు నిజమా, నటనా? ఆమెకే తెలియదు. ఇలాంటి చోట పెన్సిల్‌తో అంచున గుర్తు పెట్టండి: కెమెరా కోసం చేసింది అయితే 'కె', ఎవరూ చూడనప్పుడు, ఒంటరిగా చేసింది అయితే 'ఒ'. ఏది రాయాలో తోచక ఎక్కడ ఆగిపోతారో, అక్కడే ప్రేమ ఉంది.

ముక్కోణపు ప్రేమ ఎదురైతే "ఇద్దర్లో ఎవరు మంచోడు" అని పందెం కట్టకండి. ఇద్దరూ రెండు బతుకుదారులు. ఒకడితో ఉంటే ఆమె దేని గురించి నోరెత్తదు, ఇంకొకడితో ఉంటే ఏం పైకి అనగలుగుతుంది? ఒక్కొక్కరికీ ఒక సన్నివేశం గుర్తు పెట్టుకుంటే చాలు. కాపాడుతున్నానన్న పేరుతో ఆమె దగ్గర నిజాలు దాచేవాణ్ణి మాత్రం నేను ఏ పుస్తకంలోనూ తేలిగ్గా నమ్మను. ఎంత అందగాడని రాసినా సరే.

ఇంకొక్క మాట. వీటిలో చాలా నవలలు 'నేను'తో, వర్తమానంలో నడుస్తాయి: పరిగెడుతున్నాను, తలుపు మూసుకుంటోంది. చెప్పే అమ్మాయికి మరుక్షణం ఏం జరుగుతుందో తెలియదు. ఆమె "వీడు మోసగాడు" అంది అంటే ఆ క్షణాన ఆమెకి అలా అనిపించిందని మాత్రమే. 'షాటర్ మీ'లో అయితే కథానాయిక అనుకున్న మాటల మీద తనే అడ్డగీతలు కొట్టుకుంటుంది. ఆ కొట్టివేసిన మాటలే ముందు చదవండి. ఇలాంటి పుస్తకాన్ని మొదటిసారి ఆడియోలో వినడం కన్నా కళ్ళతో చదవడం మేలు. గీతని చూడాల్సిందే.

5. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య ఒక పేజీ

మొదటి పుస్తకం ముగించిన ఇరవై నాలుగు గంటల్లోపు ఒక పేజీ రాయండి. సమీక్ష కాదు, జ్ఞాపకాల చిట్టా. ఒక ఊహాకథతో చూపిస్తాను. రాత్రి తొమ్మిది దాటాక మాట్లాడటం నిషేధించిన నగరం అనుకోండి.

• ఎక్కడ ఆగింది: గోడ అవతల, వానలో, అమ్మాయి ఒక్కతే. చేతికి గాయం.
• ఎవరికి ఏం తెలుసు: అబ్బాయి తండ్రి కాపలా అధికారి అని మనకి తెలుసు, ఆమెకి తెలియదు.
• అబద్ధం చెప్పినవాళ్ళు: అన్న, రెండుసార్లు. ఎందుకో తేలలేదు.
• తేలని వస్తువు: నానమ్మ ఇచ్చిన తాళంచెవి దేనిదో.
• మూడో ప్రశ్న (లాభం ఎవరికి?): కరెంటు ఆదా అన్నారు. నేను నమ్మను.

అంతే, అయిదు వరసలు. దీన్ని మొదటి పుస్తకంలో కాకుండా రెండో పుస్తకంలో మడిచి పెట్టండి. తెరవగానే కనబడాలి.

మధ్యలో మూడు నెలలు దాటిపోయిందా? మొదటి పుస్తకం మొత్తం మళ్ళీ చదవక్కర్లేదు. ఈ పేజీ, మొదటి పుస్తకంలో ఆఖరి రెండు అధ్యాయాలు చాలు.

6. రెండో పుస్తకం: అసలు చిక్కంతా ఇక్కడే

రెండో పుస్తకం ఎందుకు నత్తనడక నడుస్తుందో తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది. జంటని విడదీస్తారు. చోటు మారుస్తారు. నలుగురైదుగురు కొత్తవాళ్ళు ఒకేసారి దిగుతారు. ఒక్కోసారి చెప్పే తీరే మారిపోతుంది. 'డెలీరియం' తరవాతి 'పాండమోనియం'లో అధ్యాయాలు 'అప్పుడు', 'ఇప్పుడు' అని మార్చి మార్చి వస్తాయి. 'మ్యాచ్డ్' అంతా కేసియా ఒక్కతే చెప్తే, దాని రెండో భాగం 'క్రాస్డ్'లో ఆమె, కై చెరో అధ్యాయం చెప్తారు.

చేయాల్సిన పనులు, ఈ వరసలోనే:

ఒకటి: మొదటి అరవై పేజీలు ఒక్కసారి కూర్చుని చదివేయండి. సెలవు రోజు చూసుకోండి. రోజూ నిద్రకి ముందు పది పేజీలు అన్న పద్ధతి మొదటి పుస్తకానికి పనిచేస్తుంది, రెండోదాని ఆరంభానికి పనిచేయదు. కొత్తవాళ్ళ పేర్లు పొద్దున్నకి ఆవిరైపోతాయి.

రెండు: కొత్త మనిషి దిగగానే పేరు రాసి, పక్కన "వీడికి ఏం కావాలి?" అన్నదానికి జవాబు రాయండి. జుట్టు రంగు, కళ్ళ రంగు అక్కర్లేదు.

మూడు: మూడు ప్రశ్నల కాగితం మళ్ళీ తీయండి. ఈసారి ఆ ప్రశ్నలు తిరుగుబాటుదారుల్ని అడగండి. వాళ్ళ దగ్గర ఏది నిషేధం? తప్పితే ఏం చేస్తారు? లాభం ఎవరికి? మొదటి పుస్తకం ప్రభుత్వం చెడ్డదని చూపిస్తుంది, రెండోది ఎదురు తిరిగినవాళ్ళంతా మంచివాళ్ళేనా అని అడుగుతుంది. ఈ ప్రశ్న పట్టుబడ్డాక పుస్తకం దానంతటదే కదులుతుంది. నాకు తెలిసినవాళ్ళలో రెండో పుస్తకం దగ్గర ఆగిపోయినవాళ్ళు ఎక్కువమంది ఈ ఒక్క పనితోనే ముందుకెళ్ళారు.

నాలుగు: కొత్త కుర్రాడు వస్తే వెంటనే కత్తులు నూరకండి. వంద పేజీలు గడువివ్వండి. పాతవాడి పక్కన అమ్మాయి చేయలేని పని ఏదో అతని పక్కన చేస్తుంది. అదేమిటో చూడండి, తరవాత తిట్టుకోండి.

7. మూడో పుస్తకం

ఇక్కడ గొంతులు పెరుగుతాయి. 'మ్యాచ్డ్' మూడో భాగం 'రీచ్డ్'లో ముగ్గురు, 'అలీజియంట్'లో ఇద్దరు, 'డెలీరియం' మూడో భాగం 'రెక్వియం'లో కథానాయిక లీనాతో పాటు ఆమె స్నేహితురాలు హానా చెప్తారు. ఇద్దరి గొంతూ ఒకేలా ఉందని విసుగొస్తే అది మీ లోపం కాదు, కొన్నిచోట్ల రచయితలకే తేడా చూపించడం చేతకాలేదు. అధ్యాయం మొదట్లో పేరు చూసుకునే అలవాటు చేసుకోండి. మధ్యలో ఆపాల్సి వస్తే అధ్యాయం చివరే ఆపండి.

ఆఖరి వంద పేజీలు మిగిలినప్పుడు ఇతరుల అభిప్రాయాలు వినడం పూర్తిగా మానేయండి. ఎవరు బతికారో ఒక్క బొమ్మతో, ఒక్క ఏడుపు గుర్తుతో బయటపడిపోతుంది.

ముగింపు నచ్చక కోపం వస్తే, రావచ్చు, పుస్తకం విసిరేయాలనిపించవచ్చు. ఒక వారం ఆగి మూడు ప్రశ్నల కాగితం తీయండి. మూడో ప్రశ్నకి జవాబు దొరికిందా? దొరికితే, మీకు నచ్చకపోయినా కథ తన పని తాను చేసింది. దొరక్కపోతే మీ కోపం న్యాయమైందే, హాయిగా తిట్టండి.

8. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

ఆఖరి పేజీ ముందే చదివేశారు: ఇక "ఏం జరుగుతుంది" పోయింది. "ఎక్కడ మలుపు తిరిగింది" అన్నది పట్టుకుని చదవండి, ఇంకా బోలెడు మిగిలే ఉంది.

రెండు సిరీస్‌లు ఒకేసారి మొదలుపెట్టారు: గోడలు, కాపలాలు, ఆపరేషన్లు కలగాపులగం అయిపోతాయి. ఒకటి ఆపేయండి. పక్కన ఇంకోటి కావాలంటే హాస్యమో, వంటల పుస్తకమో పెట్టుకోండి.

ఒకదాని వెంట ఒకటి ఊపిరాడకుండా చదివి మనసు బరువెక్కింది: ఈ కథల్లో చావులు, హింస ఎక్కువే. రెండోదానికీ మూడోదానికీ మధ్య వారం విరామం తీసుకోండి. మీరు రాసుకున్న పేజీ ఉంది కాబట్టి మర్చిపోతామన్న టెన్షన్ లేదు.

పిల్లలకి మొదటి పుస్తకం ఇచ్చేశారు: ముందు మూడోది మీరు చదవాల్సింది. సిరీస్ ముదిరేకొద్దీ కథ నల్లబడుతుంది. ఇప్పటికైనా పిల్లలకన్నా ఒక పుస్తకం ముందుండండి.

9. సినిమా ఎప్పుడు చూడాలి?

ఏ పుస్తకం చదివారో ఆ సినిమా, ఆ తరవాత. 'ది హంగర్ గేమ్స్' మూడోది 'మాకింగ్‌జే' ఒక్క పుస్తకాన్ని రెండు సినిమాలు చేసి 2014, 2015ల్లో వదిలారు కాబట్టి, పుస్తకం మొత్తం అయ్యాకే మొదటి భాగానికి కూర్చోండి. 'డైవర్జెంట్' సినిమాల మీదే ఆధారపడితే అసలుకే మోసం. 2016లో వచ్చిన 'అలీజియంట్' తరవాత రావాల్సిన ఆఖరి సినిమా తీయనేలేదు. ముగింపు కావాలంటే పుస్తకమే దిక్కు.

10. వదిలేయాలనిపిస్తే

రెండో పుస్తకం సగానికి వచ్చాక కూడా మూడు ప్రశ్నల్లో ఒక్కదాని జవాబు మీదా మీకు ఆసక్తి లేకపోతే ఆపేయండి. అరవై పేజీలకి ఆపితే తొందరపాటు, మూడో పుస్తకం సగంలో ఆపితే మొండితనానికి ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

ఆపేటప్పుడు మాత్రం ఆ అయిదు వరసల పేజీ ఇంకోసారి రాసి, ఆగిన చోట మడిచి పెట్టండి. రెండేళ్ళ తరవాత ఎప్పుడో దుమ్ము దులిపి తెరిస్తే, గోడ అవతల వానలో నిలబడ్డ అమ్మాయి చేతికి గాయం ఉందన్న సంగతి మీ చేతిరాతలోనే కనబడుతుంది.